మూలగదిలో తీగ పెరుగుతోంది

పరదా గుడ్డలు నేసే ఆ మిల్లులో, మేడమీద మూలగదికి మంచి పేరు లేదు.

చీకటి పడ్డాక ఆ గదిలో కుర్చీ మీద ఎవరు కూర్చున్నా లేపేస్తుందట. చెయ్యి పట్టుకుని కాదు, జుట్టు పట్టుకుని కాదు. ఎదురుగా ఉన్న కంప్యూటరు తెర ఉన్నట్టుండి నల్లబడుతుంది... తర్వాత, అసలు నువ్వెవరు అన్నట్టు పాస్‌వర్డ్ అడుగుతుంది. అది కొట్టి మళ్ళీ లోపలికి వెళితే, మనం గీసిన బొమ్మ మనం వదిలినట్టు ఉండదు.

ఎవరో అమ్మాయట. ఒకప్పుడు ఆ కుర్చీలోనే కూర్చుని పరదాల మీదకి పూలూ తీగలూ గీసేదట. గీస్తూ గీస్తూ, పని సగంలో ఉండగానే చచ్చిపోయిందట. ఎలా అంటే మాత్రం ఒక్కొక్కరిది ఒక్కో మాట. కరెంటు కొట్టిందని కొందరు. మెట్ల మీంచి పడిందని కొందరు. ప్రేమలో మోసపోయిందని ఇంకొందరు — ఆడది చచ్చిపోవడానికి ప్రేమ తప్ప వేరే కారణం తట్టని వాళ్ళు.

కారణం ఏదైనా, ఫలితం ఒక్కటే. చీకటి పడ్డాక ఆడవాళ్ళెవరూ ఆ గదిలో ఉండకూడదని మిల్లులో కట్టడి పెట్టారు. దెయ్యం ఆడది కాబట్టి ఆడవాళ్ళనే ముందు పట్టుకుంటుందని లెక్క. రాత్రిపూట పని చెయ్యలేని మనిషికి డిజైనరు ఉద్యోగం ఇవ్వరు. అందుకని ఆ మిల్లులో ఆడవాళ్ళందరూ కింద షెడ్డులో దారాలు చుడుతూనే ఉండిపోయారు. దెయ్యం ఎవర్నీ చంపలేదు గానీ, ఇంతమందిని మేడ ఎక్కకుండా చేసింది.

అలాంటి మిల్లులోకి కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి ఒకతె వచ్చింది. మగవాళ్ళు వెటకారంగా 'మెకానిక్కమ్మ' అన్నారు. ఆమె ఆ పేరుకే పలికింది. పలికేసరికి వెటకారం చప్పబడిపోయి పేరు ఒక్కటే మిగిలింది.

ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇది ఊడితే చాలు, ఇంట్లో కూర్చోబెట్టేద్దామని అక్క మొగుడు కాచుకుని ఉన్నాడు. "ఆడపిల్ల చేతిలో స్క్రూడ్రైవరేంటి, చూసేవాళ్ళు ఏమనుకుంటారు" అని ఆయన బాధ. చూసేవాళ్ళు ఎవరో ఆయన ఇంతవరకూ చెప్పలేదు.

బొమ్మలు గీసే ప్రోగ్రాము మూలగది కంప్యూటరులో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. దాని తాళం బొటనవేలంత ముక్క — ఆ యంత్రం వెనకాలే గుచ్చి ఉంటుంది. రాత్రి డిజైనరేమో దెయ్యానికి జడిసి మేడ ఎక్కనన్నాడు. అయితే ఇంటి నుంచే ఆ యంత్రంలో పని చేసేలా ఏర్పాటు చెయ్యమని యజమాని మెకానిక్కమ్మకి పురమాయించాడు.

ఆమె రిమోట్ డెస్క్‌టాప్ అమర్చింది. మిల్లు నెట్‌వర్కులోకి దారి తెరిచింది, యంత్రం నిద్రలోకి జారకుండా చేసింది, ఆ డిజైనరు ఇంట్లో కూర్చుని మూలగది తెరని అతని తెర మీద చూపించింది. పగలంతా బ్రహ్మాండంగా నడిచింది.

రాత్రి ఫోనొచ్చింది. అతని గొంతు పీలగా ఉంది.

"గెంటేసింది..."

"ఎవరు?"

"ఇంకెవరు. ఇంట్లో ఉన్నా వదల్లేదు నన్ను."

మర్నాడు రాత్రీ అంతే. ఆ మర్నాడూ అంతే. ఆమె కేబుల్ మార్చింది, అమరికలన్నీ మొదటినుంచి చూసింది. ఎవరెవరు లోపలికి వచ్చారో యంత్రం రాసుకున్న చిట్టా తీస్తే, అన్నీ ఒకే పేరు — 'మాస్టర్'. ఉండకేం, అందరూ ఆ ఒక్క పేరుతోనే వెళతారు. పాస్‌వర్డ్ తెర అంచున చీటీ మీద అంటించి ఉంటుంది.

ఆ పేరు అసలు స్వంతదారు పెద్ద డిజైనరు. మిల్లంతా ఆయన్ని మాస్టరుగారు అంటుంది. బయటికి వెళ్ళే ప్రతి బొమ్మ మూలా 'మాస్టర్' అని చిన్న అక్షరాలు పడతాయి — ఎవరి పేరుతో లోపలికి వెళితే ఆ పేరు ప్రోగ్రామే వేసేస్తుంది.

"పాస్‌వర్డ్ మార్చి చూస్తాను మాస్టారూ," అంది ఆమె.

"వద్దు తల్లీ. మారిస్తే పాత పనంతా పోతుంది. రాత్రిళ్ళు దాన్ని కదిలించకు, నా మాట విను."

పాస్‌వర్డ్ మారిస్తే పని పోదు. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆయనకి తెలియదా... లేక ఆమెకి తెలియదనుకున్నాడా?

సాయంత్రం యజమాని తేల్చి చెప్పేశాడు. "రేపు పొద్దున్న కొనేవాళ్ళు వస్తున్నారు. ఈ రాత్రితో ఆ గెంటడం ఆగాలి. ఆగకపోతే రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

"అయితే ఈ రాత్రి నేనే ఆ కుర్చీలో కూర్చుంటా సార్."

"ఆడవాళ్ళు ఉండకూడదని కట్టడి ఉంది కదా."

"ఆడ డిజైనర్లకి సార్ అది. నేను మెకానిక్కుని."

వాచ్‌మన్ లాంతరులాంటి టార్చి పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి అడుగు పెట్టలేదు.

"వెళ్ళిపో అమ్మాయ్. నీ కొత్త ఏర్పాటు వచ్చేదాకా రోజూ నా చేత్తో దాన్ని ఆర్పేసి దిగేవాణ్ణి. చివరి మెట్టు దాటేసరికి... వెలిగి ఉండేది. గదిలో నరమానవుడు ఉండేవాడు కాదు."

"చచ్చిపోయిన అమ్మాయి కథ నీకెవరు చెప్పారు బాబాయ్?"

"అందరూ అంటారు."

"అందరికంటే ముందు ఎవరన్నారు?"

వాచ్‌మన్ బుర్ర గోక్కున్నాడు. "మాస్టరుగారే... అనుకుంటా."

అతను దిగిపోయాడు. ఆమె యంత్రాన్ని తన చేత్తో ఆర్పింది. దీపం కూడా తీసేసింది. కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకుంది.

కిటికీ అద్దం మీద బయట వెలుతురు పలచగా... కింద షెడ్డులో మగ్గాలు ఆగిపోయాయి... గోడలో ఎక్కడో పైపు ఒకసారి కొట్టుకుంది...

ఉన్నట్టుండి ఫ్యాను తిరిగిన చప్పుడు.

బల్లకింద పెట్టెలో పచ్చదీపం కన్ను తెరిచింది. తెర తెల్లబడింది.

ఆరిపోయిన యంత్రాన్ని దూరం నుంచి ఒక పిలుపుతో లేపొచ్చు. ఆ విద్య ఆమెకీ వచ్చు. కానీ ఈ యంత్రానికి తను ఆ ఏర్పాటు చెయ్యలేదు — తనకంటే ముందు ఎవరో చేశారు. అన్నీ తెలిసినా, మెడ వెనక చెమట చల్లగా దిగింది.

పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళింది. తెర మీద ఒక తీగ. కింది నుంచి పైకి సన్నగా మెలి తిరిగి, చివర సగం ఆకు దగ్గర ఆగిపోయి ఉంది.

తెర నల్లబడింది.

మళ్ళీ కొట్టింది. సగం ఆకు ఇప్పుడు నిండు ఆకు. పక్కన చిన్న మొగ్గ.

నల్లబడింది.

మళ్ళీ కొట్టింది. మొగ్గ విచ్చుకుంది.

భయం ఎంతవరకు రావాలో అంతవరకు వచ్చి, అక్కడ కోపంగా మారిపోయింది. ఇంట్లో బావ లేపుతాడు. ఆఫీసులో యజమాని లేపుతానంటాడు. ఇప్పుడు చచ్చినదానికి కూడా తనే దొరికిందా! కుర్చీ బల్లకి దగ్గరగా లాక్కుని, తెర మీద ఖాళీ కాగితంలాంటి నోట్‌ప్యాడ్ తెరిచి గబగబా కొట్టింది.

'ఎవరు నువ్వు? ఇది నా ఉద్యోగం.'

నల్లబడింది. ఆమె కావాలనే కాసేపు ఆగింది. తర్వాత లోపలికి వెళ్ళింది.

ఆమె రాసిన వరుస కింద ఇంకో వరుస ఉంది.

'నువ్వెవరు? ఇది నా కుర్చీ.'

 ఆమె వేళ్ళు ఆగలేదు.

'చచ్చిపోయాక కుర్చీ దేనికి?'

నలుపు... ఈసారి చాలాసేపు. కిటికీ అద్దంలో తన మొహమే తనకి పరాయిగా కనిపించింది. తిరిగి వెళ్ళేసరికి ఒక్క ప్రశ్న.

'ఎవరు చచ్చిపోయారు?'

మెకానిక్కమ్మ కుర్చీలో జారగిలబడింది. దెయ్యాలు అబద్ధాలాడతాయని విన్నది గానీ, తాము చచ్చిపోయిన సంగతి వాటికి తెలియకపోవడం ఎక్కడా వినలేదు.

అప్పుడు వెలిగింది ఆమెకి. ఇద్దరూ ఒకే పేరుతో వెళుతున్నారు. ఒకే పేరుతో రెండో మనిషి వస్తే యంత్రం మొదటి మనిషిని మాటైనా చెప్పకుండా బయటికి తోసేసి, ఆ బొమ్మనే రెండో మనిషి చేతికిస్తుంది. ఇటునుంచి తను తోస్తోంది. అటునుంచి ఆమె తోస్తోంది. ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఒక్క కుర్చీ కోసం ఇద్దరాడవాళ్ళు రాత్రంతా.

ఇద్దరూ ఒకే తెరని ఒకేసారి చూడగలిగే ప్రోగ్రాము ఒకటి పెట్టింది. అందులోకి రావడానికి కావలసిన సంఖ్య రాసి, 'గెంటకుండా ఇలా రండి' అని వదిలేసింది.

తెర ఈసారి నల్లబడలేదు. బాణం గుర్తు దానంతట అదే కదిలింది. మెల్లగా... నోట్‌ప్యాడ్ దగ్గరికొచ్చి ఆగింది.

'ఆ కుర్చీలో పనిచేసిన అమ్మాయిని నేనే. మాస్టరు భార్యని.'

'మీరు... బతికే ఉన్నారా అక్కా?'

'ఇందాకటిదాకా సందేహం రాలేదు. పెళ్ళయ్యాక నేను బయటికి వెళ్ళి పని చెయ్యడం బాగుండదన్నారు. ఇంట్లోంచి గీస్తే మాత్రం బాగుంటుందట. ఆయన పడుకున్నాక గీస్తాను. పొద్దున్న ఆయన చూపించుకుంటారు.'

'అన్నీ మీరు గీసినవేనా?'

'ఆయనకి తీగ వంపు రాదు అమ్మాయ్. ఎప్పుడూ రాలేదు. నేను చచ్చిపోయానని ఎవరన్నారు?'

'మాస్టరుగారేనట,' అని కొట్టింది మెకానిక్కమ్మ.  బాణం గుర్తు అలాగే నిలబడిపోయింది. చాలాసేపు. తర్వాత ఒక్కొక్క అక్షరమే పడింది.

'పక్క గదిలో గురక వినిపిస్తోంది. నన్ను చంపి ఎంత హాయిగా నిద్రపోతున్నాడో.'

మరికాసేపటికి ఇంకోటి.

'పాస్‌వర్డ్ మార్చేస్తే నేను రాలేను. నీ ఉద్యోగం నిలబడుతుంది. తలుపు వేసేస్తావా?'

ఆ మాట నిజం. పాస్‌వర్డ్ మార్చడం నిమిషం పని. పొద్దున్న యజమాని భుజం తడతాడు, ఉద్యోగం ఖాయమవుతుంది, బావ నోరు మూతపడుతుంది. ఒక దెయ్యం వదిలిపోతుంది — అంతేగా. ఎవరడుగుతారు?

తెర మీద తీగ వంక చూసింది. ఇందాక తను లేని క్షణాల్లో, తోసేస్తున్నా మళ్ళీ మళ్ళీ వచ్చి, ఒక్కొక్క ఆకే పూర్తి చేసుకున్న తీగ.

తెర అంచున ఉన్న చీటీ పీకి ఉండ చుట్టి బుట్టలో పారేసింది. యంత్రంలో కొత్త ఖాతా తెరిచింది. వేరే పేరుతో ఎవరైనా వస్తే, ముందున్నవాళ్ళని యంత్రం ఊరికే తోసెయ్యదు. లోపలున్న మనిషిని అడుగుతుంది, ఒప్పుకుంటేనే రానిస్తుంది. ఈ మిల్లులో అడిగి లోపలికొచ్చే పద్ధతి ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి.

'ఏ పేరు పెట్టను అక్కా? బొమ్మ మూల ఆ పేరే పడుతుంది.'

జవాబు వెంటనే వచ్చింది.

'చచ్చినదాన్ని మీరంతా ఏమని పిలిచారో ఆ పేరే పెట్టు.'

పొద్దున్న మూలగదిలోనే, ఆ యంత్రానికి తగిలించిన పెద్ద తెర మీద తీగ నిలువునా పాకి ఉంది. కొనేవాళ్ళు మాటలు ఆపేసి చూశారు. వాళ్ళలో పెద్దాయన దగ్గరికి వెళ్ళి మూల అక్షరాలు చదివాడు.

"దెయ్యం... భలే పేరు. ఎవరండీ ఈ డిజైనరు?"

యజమాని మాస్టరు వైపు చూశాడు. మాస్టరు నవ్వబోయాడు.

"ఎవరో తుంటరి పని లెండి. బొమ్మ నాదే."

"అయితే ఈ పై ఆకు కొంచెం సన్నం చేసి చూపించండి."

మాస్టరు కుర్చీలో కూర్చున్నాడు. మౌసు మీద చెయ్యి వేశాడు. చెయ్యి వేసినట్టే ఉంది... ఆకు కదల్లేదు.

అప్పుడు, అంతమంది చూస్తుండగా, పట్టపగలు, ఆయన చెయ్యి కదలకుండానే బాణం గుర్తు కదిలింది. ఆకు అంచు పట్టుకుని లోపలికి నొక్కింది. వంపు తిరిగింది. ఆకు సన్నబడింది. గుమ్మం దగ్గర వాచ్‌మన్ గోడకి కరుచుకుపోయాడు.

నోట్‌ప్యాడ్ తెరుచుకుంది.

'నేను చావలేదు. నమ్మకం లేకపోతే ఆ కుర్చీలో కూర్చున్న మా ఆయన్ని అడగండి.'

ఆ కుర్చీ చాలామందిని లేపింది గానీ, అంత తొందరగా ఎవర్నీ లేపలేదంటారు.

"ఇదంతా ఎవరు చేశారు?" యజమాని గొంతు తగ్గించి అడిగాడు.

"గెంటడం ఆగాలన్నారు కదా సార్. ఆగింది," అంది మెకానిక్కమ్మ, ఇంతసేపూ ఇక్కడి మాటలన్నీ అక్కకి వినిపించిన ఫోను జేబులో వేసుకుంటూ. పెద్దాయన అప్పటికే మిగతా దెయ్యం బొమ్మలు చూపించమంటున్నాడు. ఆయన ముందు ఎవర్ని పంపించెయ్యాలో యజమానికి తోచలేదు. ఆ తర్వాత కూడా తోచలేదు. ఆమె మర్నాడు వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది.

కట్టడి ఎవరూ ఎత్తెయ్యలేదు. దాన్ని పట్టించుకోవడం మానేశారు, అంతే. కింద షెడ్డులోంచి ఇద్దరు అమ్మాయిలు మేడ ఎక్కారు.

ఒక సాయంత్రం చీకటి పడ్డాక వాచ్‌మన్ యంత్రం ఆర్పడానికి పైకి వచ్చాడు. మూలగదిలో వెలుతురు. కుర్చీలో ఎవరో ఆడమనిషి, అటు తిరిగి, తీగ గీస్తోంది. ఇంతవరకూ ఎప్పుడూ చూడని మనిషి.

అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. టార్చి వెలుగు మెల్లగా కిందికి దించాడు... కుర్చీ కిందికి... ఆమె కాళ్ళ మీదకి. దెయ్యాలకి పాదాలు వెనక్కి ఉంటాయి కదా.

ఆమె తల తిప్పలేదు.

"ముందుకే ఉన్నాయి బాబాయ్," అంది. "వెనక్కి మాత్రం ఇక తిరగవు."