జవాబు లేని ఇళ్లు

మే పందొమ్మిది. ఆ పొద్దున కేశవులు తిన్నది రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని, నంజుకి ఒక ఉల్లిపాయ, రెండు ఊరమిరపకాయలు. ఆ తేదీ, ఆ తిండి ఆయనకు చాలాకాలం గుర్తుండిపోయాయి. ఆ రోజు తాను రాసిన వాక్యం తలపుకొచ్చినప్పుడల్లా మిరపకాయ ఉప్పన కూడా నాలుకకు తగిలేది.

ఎండ ముదరకముందే చలువశాల మేడ మీది తన గదికి చేరాడు. కింద, ఊరివాళ్లు ఎండ తప్పించుకునే హాలులో చలువ యంత్రాలు అప్పుడే మేలుకుంటున్నాయి. గదిలో గోడ నిండా ఊరి పటం, అందులో ఇంటికొక చుక్క. పిలుపు కారకం, అంటే పిలుపుల పని చూసే యంత్రబుద్ధి, ఇంటింటికీ ఫోను చేస్తూ, "ఈ రోజు చలువశాలకు వస్తారా?" అని అడుగుతోంది. వస్తామన్న ఇల్లు పచ్చబడుతోంది. రాలేమన్న ఇల్లు బూడిద రంగుకు మారుతోంది. ఫోను ఎత్తని ఇళ్లు, ఎత్తి ఏమీ అనకుండా పెట్టేసిన ఇళ్లు తెల్లగానే ఉండిపోతున్నాయి. ఆ తెల్ల ఇళ్లకు కూడా మనుషుల్ని తెచ్చే బండి వెళ్లి, గుమ్మం ముందు ఆగి, కూత వేసి రావాలి. పల్నాటి ఎండలు మనుషుల్ని చంపడం మొదలుపెట్టిన నాటి నుంచీ అదే పద్ధతి.

కేశవులు అర్థలేఖకుడు. కారకాలు లెక్కలు కడతాయి, దారులు వెతుకుతాయి, ఎవరి గుండె ఎప్పుడు తడబడుతుందో ముందే పసిగడతాయి. కానీ పట్టికలో ఏ గడి అంటే ఏమిటో చెప్పే వాక్యం మాత్రం మనిషే రాయాలి, మనిషే సంతకం పెట్టాలి. అలా రాసింది అర్థపొరలోకి దిగుతుంది. అక్కడి నుంచి అన్ని కారకాలూ దాన్నే చదువుకుని నడుచుకుంటాయి.

ఆ పొద్దున ఆయన బల్ల మీద సరిచూపు కారకం పెట్టిన విన్నపం ఒకటి ఉంది. 'తెల్ల ఇళ్లకు వెళ్లిన బండ్లు చాలావరకు ఖాళీగా తిరిగి వస్తున్నాయి. కుర్చీల లెక్క తేలడం లేదు. జవాబు లేదు అన్న విలువను రారు అన్న విలువలో కలపవచ్చు. అర్థవాక్యం కావాలి.'

తెర మీద పైఅధికారి హేమలత కనిపించింది. వయసులో ఆయన కంటే బాగా చిన్నది, మర్యాద తెలిసిన మనిషి.

"కేశవులు గారూ, అది మధ్యాహ్నంలోపు తేల్చేస్తారా? జిల్లాలో శుభ్రమైన పట్టిక మీదేనని అందరూ అనుకుంటున్నారు. ఈ తెల్ల మచ్చలొక్కటే మిగిలాయి."

"చేసేద్దామమ్మా," అన్నాడు.

'జవాబు ఇవ్వకపోవడం అంటే రావడానికి ఇష్టపడకపోవడమే' అని రాశాడు. రెండుసార్లు పైకి చదువుకున్నాడు. వాక్యం తూకంగా కుదిరిందనిపించింది. సంతకం పెట్టాడు. పటం మీది తెల్ల చుక్కలన్నీ ఒక్కసారిగా బూడిద రంగులోకి మారి, ఊరు చక్కగా రెండు రంగుల్లో నిలిచింది. ఆయనకు హాయిగా అనిపించింది. తరువాత ఆయన సిగ్గుపడింది తప్పు చేసినందుకు కొంతే. ఆ హాయికి ఎక్కువ.

మధ్యాహ్నానికి నివేదిక వచ్చింది. ఒక్క బండీ ఖాళీగా తిరగలేదు. హేమలత అభినందనలు పంపింది. కేశవులు కిందికి దిగి హాలంతా కలయజూశాడు. వెనక వరుసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నిన్నటి దాకా అక్కడ ముసలివాళ్లు తల వెనక్కి వాల్చి గుర్రు పెట్టేవాళ్లు. ఈ రోజు ఎవరికీ ఇబ్బంది లేదు కాబోలు అనుకున్నాడు.

అంతలో వాకిట్లో ఆటో ఆగింది. పక్కవీధి కరీమూన్ ఒక ముసలామెను దాదాపు భుజాన వేసుకుని లోపలికి వచ్చింది.

"జరగండయ్యా, కాస్త దారియ్యండి."

ఆ ముసలామె వీరనాగమ్మ. సగం ఊరికి జాకెట్లు కుట్టిన మనిషి. కేశవులు భార్య రాజ్యం బతికి ఉండగా ఆమె దగ్గరే మిషను కుట్టడం నేర్చుకుంది. ఇప్పుడు పెదాలు ఎండి, కళ్లు తేలేసి, మెడ నిలబడక ఊగుతోంది.

"ఏమైంది కరీమూన్?"

"ఏమైందో నువ్వే చెప్పాల అన్నా. మజ్జిగ తోడుకని పోయినా. తలుపు తీసే ఉంది. పిన్నీ, పిన్నీ అంటే పలకదు. రేకుల కింద ఒళ్లు పెనం మాదిరి కాలతంది. మీ బండి ఎక్కడ చచ్చింది ఇయ్యాల? రోజూ వచ్చి గుమ్మం కాడ కూతేసేది గదా."

పక్క గదిలో మంచం మీద పడుకోబెట్టారు. తడిగుడ్డలు చుట్టారు. కేశవులు ఉప్పు, పంచదార కలిపిన నీళ్లు చెంచాతో పోస్తూ కూర్చున్నాడు. చెంచా పళ్లకు తగిలి చప్పుడైంది. చాలాసేపటికి ఆమె గుటక వేసింది. మంచం పక్కనున్న ఆరోగ్య కారకం, ప్రమాదం తప్పిందని చెప్పింది. కరీమూన్ ఇంట్లో ఆ రోజు పెరుగు తోడుకోకపోవడమే ఆమె ప్రాణం నిలబెట్టింది.

మంచం పైన చిన్న తెర వెలిగింది. 'వీరనాగమ్మ. చలువసేవ: నిరాకరించారు. విచారణ: ముగిసింది.'

కరీమూన్ కూడబలుక్కుంటూ చదివింది. "నిరాకరించడమేందన్నా? పిన్ని ఎప్పుడు రానన్నది? ఇట్టా ఎవురు రాసింది?"

"ఎవరో రాసి ఉంటారు," అన్నాడు కేశవులు.

ఆ 'ఎవరో' అన్న మాట తన నోటి నుంచి అంత సులువుగా వచ్చేసినందుకు ఆయనకు చెవులు వేడెక్కాయి. తల వంచుకుని మళ్లీ చెంచా అందుకున్నాడు.

కాస్త తెలివి వచ్చాక వీరనాగమ్మ ఆయన్ని గుర్తు పట్టింది. "నువ్వా, రాజ్యం మొగుడివి," అంది.

"పొద్దున ఫోను వస్తే పలకలేదేం పిన్నీ?"

"ఏమని పలకాలయ్యా? వస్తావా, వస్తావా అని అడుగుద్ది. అట్టా అడిగితే వస్తానని ఎవురంటారు, మొహం వాచినట్టు? రమ్మంటే వస్తారు గానీ." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "మీ బండే నయం. వాకిట్లో నిలబడి కూత పెట్టుద్ది. పిలిచినట్టుండేది."

ఈ సంగతి కేశవులుకు తెలియనిది కాదు. రాజ్యం తన సొంత పెదనాన్న కూతురి పెళ్లికి, ఫోనులో చెప్పారని వెళ్లనంది. వాళ్లు వచ్చి బొట్టు పెట్టి పిలిచాకే పెట్టె సర్దింది. అప్పుడు ఆయన నవ్వాడు గానీ, తాను కూడా ఆ పిలుపు వచ్చాకే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. ఎక్కడి నుంచో వచ్చిన వాడు ఆ వాక్యం రాస్తే తెలియక రాశాడనుకోవచ్చు. ఆయన ఈ ఊళ్లో పుట్టాడు. ఇక్కడ మౌనానికి నూరు అర్థాలని తెలిసి, అందులో బండ్లకు వీలైనదాన్ని ఏరుకున్నాడు.

మేడ ఎక్కి వెళ్లి అర్థపొర తెరిచాడు. వాక్యం అప్పటికే చాలా దూరం ప్రయాణం చేసింది. ఒక అర్థం ఒకసారి రాస్తే చాలు, అందరికీ అదే. ఆ నిర్మాణం గొప్పదనమే అది; శిక్షణ తరగతుల్లో కేశవులే కుర్రాళ్లకు ఆ మాట గర్వంగా చెప్పేవాడు. మందుల కారకం దాన్ని చదివి, జవాబివ్వని ఇళ్ల మాత్రల పొట్లాలు వెనక్కి పెట్టేసింది. తాగునీటి కారకం ఆ ఇళ్లను ట్యాంకరు దారిలోంచి తీసేసింది. రాత్రి మకాం కోసం చేసే సాయంత్రం పిలుపు నాటికి వాక్యం జిల్లా అంతటా అమల్లోకి వస్తుందని కింద చిన్న అక్షరాలతో ఉంది.

పాత వాక్యం కొట్టేసి, 'జవాబు లేకపోవడం అంటే ఏమిటో తెలియదు' అని రాశాడు.

సరిచూపు కారకం తిప్పి పంపింది. 'తెలియదు అనేది ఒక అర్థం కాదు. దయచేసి విలువ ఇవ్వండి.'

హేమలతకు ఫోను చేసి జరిగింది చెప్పాడు.

"ఆవిడ క్షేమమే కదా?" అని అడిగింది ముందుగా.

"క్షేమమేనమ్మా. నా ప్రయోజకత్వం వల్ల కాదు."

"మరి ఎందుకు తవ్వుతారు? నమోదులో తప్పు లేదు. ఆవిడ జవాబివ్వలేదు, వాక్యం ప్రకారం అది నిరాకరణే. మిమ్మల్ని ఎవరూ అడగరు."

"అడగరు. అదే నాకు మింగుడు పడటంలేదు."

"చూడండి, మీ మంచికే చెబుతున్నాను. ఒక్క గడిలో తెలియదు అని పెడితే, ఆ గడిని చదివే ప్రతి పనీ ఆగుతుంది. కారకాలు వెళ్లి మనుషుల్నే అడుగుతాయి. ఎవరికి తెలియదో కూడా చెప్పాలి కాబట్టి మీ పేరు చెబుతాయి, ఇంటింటికీ. ఈ వయసులో మీకు తలవంపులు."

"ఆ పేరే చెప్పాలమ్మా."

"నేను ఆపాలి, నిజానికి." తెర మీద ఆమె పక్కకు చూసింది. "నాకు ఇప్పుడొక మీటింగుంది. అది అయ్యేసరికి సాయంత్రం పిలుపు దాటిపోతుంది."

ఫోను పెట్టేసింది. ఆమె తనకు ఎంత మేలు చేసిందో కేశవులుకు అర్థమైంది. సంతకపు గడి తెరిచి నిదానంగా రాశాడు. 'జవాబు ఇవ్వని వారి మనసులో ఏముందో నాకు తెలియదు. వెళ్లి పిలవాలి.'

'నాకు అంటే ఎవరికి?' అని అడిగింది సరిచూపు కారకం.

పూర్తి పేరు రాశాడు. కనుమర్లపూడి చెన్నకేశవులు. ఈసారి వాక్యం తిరిగి రాలేదు. ఆ తరువాత వీరనాగమ్మ నమోదు తెరిచి, నిరాకరించారు అన్న చోట, 'మేము పిలవలేదు' అని మార్చాడు.

పటం మీద చుక్కలు ఒకటొకటిగా తెల్లబడ్డాయి. కొత్త వాక్యం ఈ ఊరి నుంచి చుట్టుపక్కల ఊళ్లకు, అక్కడి నుంచి జిల్లాకు పాకింది. ట్యాంకర్లు నడిదారిలో ఆగి, వదిలేసిన ఇళ్ల వైపు వెనక్కి తిరిగాయి. ఏ కారకానికీ ఏదీ ఖాయంగా తెలియడం లేదు.

పొద్దు వాలుతుండగా బండ్లు వీధుల్లోకి వెళ్లాయి. ప్రతి తెల్ల ఇంటి ముందు ఆగి కూత వేసి, ఒకే మాట చెప్పాయి: "మీ సంగతి చెన్నకేశవులు గారికి తెలియదు. రండి."

జనం వచ్చారు. చలువ కోసం వచ్చినవాళ్లు కొందరు, ఈ వింత ఏమిటో చూద్దామని వచ్చినవాళ్లు కొందరు. కుర్చీలు చాలక చాపలు పరిచారు. కేశవులు చాపలు మోస్తుంటే ఒక పెద్దాయన ఆపి, "ఏమయ్యా, నీకేమీ తెలియదంట గదా. మా వీధిలో మూడుసార్లు చెప్పి పోయింది," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

"నిజమే బాబాయ్," అన్నాడు కేశవులు.

కరీమూన్ తన అత్తను తీసుకుని వచ్చింది. "ఊరంతా నీ పేరే అన్నా. ఇన్ని తెలియనోడికి ఉద్యోగం ఎట్టా ఇచ్చారమ్మా అంటంది మా అత్త."

ఆయన చాప కింద పెట్టాడు. "మధ్యాహ్నం ఎవరో రాశారన్నాను చూడు. అది నేను రాసిందే."

ఆమె నవ్వు ఆగింది. కొంగు సరిచేసుకుంది. "నీ మొహం చూసి అప్పుడే అనుకున్నాలే. నాకు చెప్తే ఏముంది, పిన్నికి చెప్పు."

పక్క గదిలో వీరనాగమ్మ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎవరో తెచ్చిన ఇడ్లీ సగం తిని పక్కన పెట్టింది. కేశవులు మంచం దగ్గర నిలబడ్డాడు.

"పిన్నీ, నువ్వు రానన్నావని రాసింది నేనే. పొద్దున. కుర్చీల లెక్క తేలాలని."

ఆమె ఆయన వైపు చూసింది. చాలాసేపు చూసింది. తరువాత కళ్లు మూసుకుంది. ఏమీ అనలేదు.

పొద్దున అయితే ఆ మౌనానికి ఆయన ఒక అర్థం రాసి ఉండేవాడు. క్షమించిందనో, ఛీ కొట్టిందనో, అలసిపోయిందనో. ఇప్పుడు ఏదీ రాసుకోలేకపోయాడు. ఇడ్లీ పళ్లెం మీద మూత పెట్టి, ఆమె కాళ్ల మీద దుప్పటి సర్ది, ఇవతలికి వచ్చాడు.

హాలు తలుపు ఇంకా బార్లా తెరిచే ఉంది. చలువంతా బయటికి పోతోందని చాపల మీది వాళ్లు సణుగుతున్నారు. రోజూ వస్తామన్నవాళ్లంతా చేరగానే తలుపు కారకం దానంతటదే మూసేది.

"రావలసిన వారు ఎందరో తెలియదు," అంది తలుపు కారకం. "మూయలేను."

"ఎవరు మూయాలి మరి?"

"తెలియదు."

కేశవులు గుమ్మంలో నిలబడ్డాడు. వేడిగాలి మొహాన కొడుతోంది. వీధి చివర ఒక బండి ఆగింది. చేతికర్రతో ఒకాయన దిగి, మెల్లగా నడిచి వచ్చాడు. ఆయనకు చాప చూపించి కేశవులు మళ్లీ వచ్చి నిలబడ్డాడు. తరువాత ఒక తల్లి, భుజాన నిద్రపోతున్న పిల్ల. తరువాత చాలాసేపు ఎవరూ రాలేదు. బండ్లు ఒకటొకటిగా తిరిగివచ్చి గోడవారన ఆగాయి. లోపల దీపాలు తగ్గించారు. మాటలు సద్దుమణిగి గుర్రులు మొదలయ్యాయి.

మెట్లు దిగి వీధికి అటూ ఇటూ చూశాడు. ఎవరూ కనిపించలేదు. లేరని మాత్రం చెప్పలేడు.

వెనక్కి వచ్చి రెండు రెక్కలూ చేతులతో పట్టుకుని, పడుకున్నవాళ్లు ఉలిక్కిపడకుండా మెల్లగా దగ్గరికి లాగి, గడియ పెట్టకుండా తలుపు మూశాడు.