తలగుడ్డ లేని ఫోటో

గిద్దలూరు సంతలో తీసిన ఆ ఫోటో అంటే నాకు మహా గర్వం. పెద్దాయన ఒకరు తలగుడ్డ విప్పి కళ్ళు తుడుచుకుంటూ, అమ్మేసిన పొట్టేలు వైపే చూస్తున్నాడు. దాన్ని ఫ్లెక్సీ కొట్టించి నా స్టూడియో ముందు కట్టాను. కింద పెద్ద అక్షరాలతో ‘వంశీ డిజిటల్స్’.

వారం తిరక్కుండా ఒక అమ్మాయి వానలో తడుస్తూ వచ్చి ఆ ఫ్లెక్సీ ముందు నిలబడింది. కోపంలోనూ ఎంత బాగుందో అని చూస్తూ ఉండిపోయాను. సిగ్గు లేదు నాకు.

"ఎవర్నడిగి కట్టినారు దీన్ని?"

"సంతలో తీసినానండీ. పబ్లిక్ ప్లేస్. ఎవర్నైనా తీయొచ్చు, చట్టం ఒప్పుకుంటాది."

"తీసేదానికి ఒప్పుకుంటాదేమో. దుకాణం పబ్లిసిటీకి కూడా ఒప్పుకుంటాదా? ఏ సెక్షనో చెప్పండి, రాసుకుంటా."

నాకు ఏ సెక్షనూ తెలియదు. అది యూట్యూబ్‌లో విన్న ముక్క.

"ఫోటో బాగుంది కదండీ!" అన్నాను, అతితెలివితో.

"ఆయన మా నాయన." ఫ్లెక్సీ వైపు వేలు చూపించింది. "మా ఇండ్లల్లో పెద్దమనిషి ఉత్త తలతో నలుగుర్లో కనపడేది చావింటికాడే. పాలు పట్టి పెంచిన పొట్టేలు పోతాంటే తట్టుకోలేక విప్పినాడు. ఇప్పుడు ఊర్లో అందరూ ఫోన్లో ఈ బొమ్మ చూపించి, ‘ఎవురు పోయినారు నాగయ్యా?’ అని నవ్వుతాండారు. నాలుగు రోజులాయె, మందను తోలుకోని బయటికే రాలేదు."

సిగ్గుతో తల కొట్టేసినట్లయింది. నిచ్చెన వేసుకుని నేనే ఫ్లెక్సీ విప్పాను. ఆమె కింద నిచ్చెన పట్టుకుంది. నా మీద జాలితో కాదు.

"నిదానం! మా నాయన మొగం చినుగుతాది."

ఆమె పేరు రాధిక, ఊరు అర్ధవీడు అని అడిగి తెలుసుకుని, మరునాడు పొద్దున్నే బస్సెక్కాను. నాగయ్య ఇంటి ముందు నిలబడి తల ఎత్తలేకపోయాను.

"తప్పయింది మామా."

నోరు జారాక గానీ ఏమన్నానో తెలియలేదు. పెద్దాయన గొంతు పెంచాడు.

"మామా అంటివే! ఇంట్లో పెండ్లి కావాల్సిన బిడ్డ ఉండాది. పెదనాయనా అనరాదా?"

అనొచ్చు. కానీ అంటే రాధిక నాకు చెల్లెలైపోతుంది. తలుపు పక్కన ఆమె కాళ్ళు కనిపిస్తున్నాయి. క్షమాపణకు వచ్చిన చోట ఇదేం బుద్ధిరా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"అనలేను మామా," అన్నాను.

నాగయ్య చేతికర్రను నేలకు తట్టాడు.

"రేపు మందను బజారు మీదుగా తోలుతా," అన్నాడు చివరికి. "అందరూ చూస్తాంటారు. నా ఎంబడి నడుస్తావా?"

"నడుస్తా మామా," అన్నాను, ఇంకా నేలనే చూస్తూ.

"ఆరుగంటలకంతా ఉండాల," అంది రాధిక. "మీకోసం గొర్రెలు కాసుకోనుండవు."