అంజా అంటే కూర్చోమని

కొత్తగా చేరిన విద్యార్థి మొదటి రోజే క్లాసులోని కుర్చీలు వీధిలోకి మోసేశాడు.

కొరియన్ నేర్పే టీచర్ బొరాం మెట్లు దిగి పరిగెత్తేసరికి కొన్ని అప్పటికే వానలో తడుస్తున్నాయి. బల్లలు గోడకి జరిపేసి, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చేసి, నేలంతా ఖాళీగా వదిలేస్తే ఎవరికైనా ఇల్లు మారుతున్నారనే అనిపిస్తుంది. పొడుగ్గా, వెడల్పు భుజాలతో ఉన్న ఆ అబ్బాయికీ అలాగే అనిపించింది. ఊరికే చూస్తూ నిలబడటం మర్యాద కాదని సాయం పట్టాడు.

“ఎక్కడికండీ ఇవి? కింద పెట్టండి.”

అతను నవ్వాడు. భాష రానివాళ్ళు నవ్వే నవ్వు. నవ్వుతూనే కుర్చీని ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు.

బొరాం అవతలి వైపు పట్టుకుని, నేలకి వంచి, “పెట్టండి” అంది. పెట్టాడు. “తియ్యండి.” తీశాడు. “పైకి తీసుకెళ్ళండి.” చెయ్యి ఎటు చూపించిందో చూసి పైకి నడిచాడు. కుర్చీలన్నీ మేడమీదికి చేరేసరికి అతని మొదటి పాఠం అయిపోయింది. ఇద్దరూ తలకి తువ్వాలు వెతుక్కోవాల్సి వచ్చింది, అంతే.

మెట్ల మీద గొడుగు దులుపుకుంటూ లూద్మిలా అత్త ఇదంతా చూసింది. సముద్రపు నాచు ప్యాకింగులో పనిచేసే ఆవిడ ఈ దేశం వచ్చి చాలా ఏళ్ళయింది. కొరియన్ బాగానే వచ్చు. అయినా క్లాసు మానదు. ఇక్కడైతే తను చెప్పిన మాట నలుగురు వింటారు, ఇంట్లో టీవీ కూడా వినదు అంటుంది.

“మావాడే టీచర్ గారూ. తిమూర్. తాష్కెంట్ నుంచి దిగాడు, మా పక్కింట్లోనే. భాష రాదు, పెళ్ళి కాలేదు. రెండూ మీ దయ.”

“నేను భాషే చెబుతాను ఆంటీ.”

“మొదట భాషే చెప్పండి.”

గ్వాంగ్జూలో ఆ పేట నిండా ఇలాంటివాళ్ళే. ముత్తాతలు ఇక్కణ్ణుంచి వెళ్ళిపోతే, ఎక్కడెక్కడో పుట్టి పెరిగి, మళ్ళీ ఇక్కడికే బతుకు వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు. తిమూర్ ఇంటిపేరు హెగాయ్. పేరులో కొరియా మిగిలింది, నోట్లో మిగల్లేదు.

బొరాం మొదట్లో బోర్డు మీద వ్యాకరణం రాసి చెప్పేది. వారమంతా ఫ్యాక్టరీల్లో నలిగినవాళ్ళు క్రియల దగ్గరికొచ్చేసరికి గుర్రుపెట్టేవాళ్ళు. కోపం రాలేదు గానీ సిగ్గేసింది. అప్పుడే బల్లలు గోడకి జరిపింది. ఇప్పుడు క్లాసులో పుస్తకం లేదు. టీచర్ చెప్పింది చెయ్యడమే. లే, నడు, కిటికీ తెరువు, లూద్మిలా సంచి నెత్తిన పెట్టుకో. నోరు విప్పమని ఎవరినీ బలవంతపెట్టదు. నియమం ఒక్కటే: మాట చెవిన పడగానే ఒళ్ళు కదలాలి, ఆలోచన తర్వాత.

ఈ నియమం తిమూర్‌కి పుట్టుకతో వచ్చినట్టుంది. “అంజా” అనీ అనకముందే కూర్చునేవాడు. మిగతావాళ్ళు పక్కవాణ్ణి చూసి కూర్చుంటే, పక్కవాళ్ళు ఇతన్ని చూసి కూర్చునేవారు.

వానలు వెనకబట్టాక విద్యార్థుల వంతు వచ్చింది. ఇప్పుడు వాళ్ళు చెప్పాలి, టీచర్ చెయ్యాలి. లూద్మిలా బొరాం చేత గదంతా ఊడిపించింది. తర్వాత తిమూర్ లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. పాపం టీచర్ అలిసిపోయిందని అతనికి జాలి వేసినట్టుంది. స్వయంగా కుర్చీ తెచ్చి వేసి, మర్యాదకి చివర ‘యో’ కూడా తగిలించి, స్పష్టంగా అన్నాడు.

“టీచర్ గారూ, అనాయో.”

అంజా అంటే కూర్చో. అనా అంటే కౌగిలించుకో.

బొరాం చెవులు ఎర్రబడ్డాయి. గబుక్కున కుర్చీలో కూలబడి, “అం-జా-యో,” అని దిద్దింది.

“అదేంటి టీచర్ గారూ,” అంది లూద్మిలా, “విన్నమాట వెంటనే చెయ్యాలన్నారు. నియమం మాకేనా?”

క్లాసంతా ఘొల్లుమంది. తిమూర్ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. క్లాసయ్యాక మెట్ల మీద అత్త ఆ మాటకి అర్థం చెప్పింది. మరుసటి ఆదివారం అతను రాలేదు. ఆ పైవారమూ రాలేదు.

బొరాం క్లాసులో ఎవరికి ఏం చెప్పినా చూపు తలుపు వైపే పోయేది. కిటికీ తెరవమనాల్సినచోట తలుపు తెరవమనేది. తెరిస్తే అక్కడ ఎవరూ ఉండేవారు కాదు.

చివరికి లూద్మిలా అతన్ని రెక్క పట్టుకుని లాక్కొచ్చింది.

“చెప్పు.”

“టీచర్ గారూ, తప్పు. నేను తప్పు.”

“తప్పులు చెయ్యడానికే కదా ఇక్కడికి వచ్చేది. కూర్చోండి.”

కుర్చీలన్నీ పేర్చి ఉన్నాయి. అతను ఉన్నచోటే నేల మీద కూర్చున్నాడు. బొరాంకి నవ్వు ఆగలేదు. కొంతసేపు ఆపే ప్రయత్నం కూడా చెయ్యలేదు.

అప్పుడే అతను అసలు సంగతి చెప్పాడు, సగం మాటలతో, సగం చేతులతో. గోజే ఓడల యార్డులో వెల్డింగ్ పనికి పిలిచారు. ఏ రోజుకారోజు పని వెతుక్కోవడం తప్పుతుంది. అయితే అక్కడ మేస్త్రీ నోటిమాటతో పరీక్ష పెడతాడు. క్రేను దగ్గర నిలబడి చెప్పింది చెప్పినట్టు చెయ్యలేనివాణ్ణి గేటు దాటనివ్వరు.

“మాటలు కావాలి, టీచర్. వస్తే ఉద్యోగం.”

వస్తే ఉద్యోగం, గోజేకి ప్రయాణం. రాకపోతే ఇక్కడే, మేడమీద, ప్రతి ఆదివారం. బొరాం మనసు ఒక్క క్షణం తప్పుడు వైపు మొగ్గింది. తర్వాత వెళ్ళి బకెట్ తెచ్చింది.

బకెట్ నిండా నీళ్ళు పోసి, తాడు కట్టి, మెట్ల పిట్టగోడ మీంచి వేలాడదీసింది. అదే క్రేను. తాడు తిమూర్ చేతిలో, బొరాం కింద.

“ఎత్తు. ఆపు. కుడికి. ఆపు. దించు.”

“వదులు” అని ఇంకా నేర్పకముందే అతను వదిలేశాడు.

తల నుంచి కాలిదాకా తడిసిన టీచర్ మొహం తుడుచుకుని పైకి చూసింది. అతను కొయ్యబారిపోయి ఉన్నాడు.

“మళ్ళీ ఎత్తు,” అంది. “మనిషి కింద ఉన్నప్పుడు ఏ మాటకి ఏం చెయ్యాలో నీకు నిద్రలో కూడా తెలియాలి.”

అతన్ని ‘నువ్వు’ అన్నానని ఆమెకి ఇంటికెళ్ళి తల తుడుచుకుంటున్నప్పుడు తట్టింది.

ఆకులు రాలే వేళకి అతను పరీక్ష నెగ్గాడు.

బయల్దేరే రోజు బస్టాండు ఎదుటి బొరాం వాళ్ళ అమ్మ హోటల్‌కి వచ్చాడు. వేడి మాంసం పులుసులో అన్నం వేసిచ్చే చిన్న హోటలు. లూద్మిలా పుణ్యమా అని ఆవిడకి అన్నీ తెలుసు.

“ఏమే, కూర్చోమనడానికీ కౌగిలించుకోమనడానికీ తేడా తెలియనివాడితో ఏం మాట్లాడతావే జీవితాంతం?” అని అప్పటికి వారంగా సణుగుతోంది. “జీవితాంతమని ఎవరన్నారమ్మా” అని బొరాం, “నీ మొహం అంటోంది” అని ఆవిడ.

తిమూర్ నడుం వంచి దణ్ణం పెట్టాడు. ఆవిడ గరిటె దించకుండానే అంది.

“అంజా.”

కూర్చున్నాడు.

“తిను.”

తిన్నాడు. సగంలో ఆగి గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాడు.

“ఉప్పెక్కువైందా?” అంది ఆవిడ.

“లేదమ్మా. మా బామ్మ కొరియన్ అంతా మర్చిపోయింది. కొన్ని మాటలే మిగిలాయి. అంజా. తిను. రా. నాతో అవే అనేది. చిన్నప్పుడు... ఇది బామ్మ భాష అని తెలియదు. బామ్మ కోపం అనుకున్నా.” మాటలు వెతుక్కున్నాడు. “టీచర్ క్లాసులో ‘అంజా’ అన్నారు. నా కాళ్ళకి ముందే తెలుసు. బామ్మకి చెప్పలేదు నేను, థాంక్స్. అందుకే మీకు చెబుతున్నా. ఇద్దరికీ.”

ఆవిడ వెనక్కి తిరిగి పొయ్యి దగ్గర చాలాసేపు ఏదో సర్దింది. సర్దడానికి అక్కడేమీ లేదని బొరాంకి తెలుసు. తిరిగొచ్చి ఒక కిమ్చీ పచ్చడి డబ్బా అతని ముందు పెట్టింది. మూత బిగుతైన మంచి డబ్బా. బొరాం అడిగినా పక్కింటికి ఇవ్వనిది.

“డబ్బా నాకు తిరిగి కావాలి. శనివారం తెచ్చియ్యి. కడిగి తేవాలి.”

“అలాగే అమ్మా.”

“ఎవరితోనో పంపిస్తే ఊరుకోను.”

బస్టాండులో గోజే బస్సు సిద్ధంగా ఉంది. అందరి ముందూ పాఠం చెప్పే బొరాంకి అక్కడ ఒక్క ముక్క రావడం లేదు. వచ్చింది ఒక్కటే.

“వెళ్ళు.”

మంచి విద్యార్థి కదా, వెళ్ళాడు. ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో డబ్బా. మెట్టు మీద కాలు పెట్టాడు.

“తిరుగు.”

తిరిగాడు.

“రా.”

వెనకున్నవాళ్ళు గొణుగుతుంటే తప్పుకుని, దిగి, ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కళ్ళు నవ్వుతున్నాయి.

“టీచర్ గారూ, చిన్న సందేహం. తిరుగు, రా. ఇవి రెండు మాటలా, ఒకటేనా?”

“ఒకటే,” అంది బొరాం. గొంతు సవరించుకుంది. “తిరిగి రా.”

“డబ్బా కోసమా?”

“డబ్బా అమ్మది. నేను నా సంగతి చెబుతున్నాను.”

అతను సంచి కింద పెట్టాడు. డబ్బా జాగ్రత్తగా దాని మీద పెట్టాడు.

“అయితే నాదీ ఒక మాట ఉంది. క్లాసులో ఒకసారి తప్పు చెప్పాను. ఈసారి తప్పు కాదు.”

ఆ మాటేమిటో అతను పైకి అనలేదు. అవసరం రాలేదు. బస్సు డ్రైవరు ఆలస్యమవుతోందని తల బయటపెట్టి కేకేశాడు.

“అంజాయో, అంజాయో. బస్సు కదులుతోంది.”

ఎక్కినవాళ్ళందరూ కూర్చున్నారు. కింద ఉన్న ఇద్దరికీ మాత్రం ఆ మాట మరోలా వినబడింది. వినగానే, నియమం ప్రకారం, చేసేశారు.