రంగు పోయిన బొట్టు

మాణిక్యం గుమ్మంలోనే ఆగిపోయింది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. గవర్నర్‌పేటలోని ఆ డిటెక్టివ్ ఆఫీసుకు జనం భయంతోనే వస్తారు, అసిస్టెంటు అపూర్వకు అది అలవాటే. కానీ ఈమె భయం జరిగినదాని గురించి కాదు, జరగబోయేదాని గురించి.

"రేపు పొద్దున రెండో బాయిలర్ వెలిగిస్తారంటండి. మా ఆయన్నే వెలిగించమన్నారు."

కంకిపాడు దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లు. ధాన్యం ఉడికించే ఆవిరి కోసం ఊక మంటతో నడిచే బాయిలర్లు రెండున్నాయి. కిందటి వారం మొదటిదానిలో గొట్టం పగిలింది. ముందు నిలబడి మంట చూసే బసవయ్య ఆవిరిలో ఉడికిపోయాడు. నీళ్లు తగ్గినా చూసుకోలేదని తప్పు అతని మీదే వేశారు. చచ్చినవాడు కాదనలేడు కదా. గొట్టాలు బాగున్నాయనడానికి కెమెరా పరీక్ష వీడియో ఉందట. రెండోదానికీ అదే పరీక్ష, అదే వీడియో. ఆమె భర్త రత్తయ్య వెలిగించనంటే మిల్లు ఇచ్చిన ఇల్లు ఖాళీ చేయాలి.

"బసవయ్య బావ నీళ్లు చూడకుండా బీడీ కూడా ముట్టించేవాడు కాదండి," అంది మాణిక్యం.

శౌరయ్య ఇంకేమీ అడగలేదు. కారు తాళాలు తీసుకున్నాడు. డిటెక్టివ్‌గా ఆయనకు పేరుంది, ఓదార్చడం మాత్రం రాదు. ఆ ఓదార్పు లేకపోవడమే అపూర్వకు నమ్మకం.

మిల్లు ఆవరణంతా రెండో పంట, దాళ్వా ధాన్యం గుట్టలు. యజమాని శ్రీరామచంద్రమూర్తి ఆఫీసు గదిలో, దేవుడి పటాల కింద కూర్చుని ఉన్నాడు. మాట మెత్తన. తాతల కాలం నుంచి తమ మిల్లులో పూజ జరగకుండా ఏ యంత్రమూ పనిలోకి దిగలేదన్నాడు. బాయిలర్లకే కాదు, పరీక్షకు వచ్చిన కెమెరాకీ బొట్టు పెట్టారట.

"కుంకుమ భరిణెను నా చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తాకదండీ," అన్నాడు గొప్పగా.

కెమెరా గురించి అడిగితే నవ్వాడు. "ఆ మీటలు మాకేం తెలుసండీ? అంతా ఆ కెమెరా కుర్రాడిదే."

మేనల్లుడు అనంతకృష్ణ మిల్లు మేనేజరు. పరీక్ష కాగితాల మీద సంతకం అతనిదే. అడిగినదానికల్లా మామయ్య వైపు చూశాడు, చొక్కా తడిసిపోయింది. దోషి ఇతనేనని అపూర్వ నిశ్చయించుకుంది.

పరీక్ష చేసిన చక్రిని పిలిపించారు. పాములాంటి సన్నటి కేబుల్, దాని కొసన దీపం, గింజంత కెమెరా. గొట్టంలోకి దూరిస్తే లోపలి గోడలు చేతిలోని తెర మీద కనిపిస్తాయి. పరీక్షకు ముందురోజు యజమానికీ మేనల్లుడికీ ఏ మీట ఏం చేస్తుందో తానే చూపించానని చక్రి చెప్పాడు. మర్నాడు కెమెరాను పటాల ముందు పెట్టి పూజ చేశారు. నైవేద్యం పెట్టేటప్పుడు అందరినీ బయటికి పంపి తలుపు మూశారు. మేనేజరుతో సహా తామంతా వరండాలో ఇడ్లీలు తిన్నారు. తర్వాత చక్రి తెర తుడుచుకుని, గ్లవుజులు వేసుకుని రికార్డు మీట నొక్కాడు, అంతే. ప్రమాదం జరిగాక పోలీసులు తియ్యొద్దన్నారని కెమెరా పెట్టె మళ్లీ తెరవలేదు.

శౌరయ్య ఆఫీసు కంప్యూటర్‌లో ఆ వీడియో చూశాడు. బాయిలర్ నోటి పక్కన సీసం రంగులో ఒక మచ్చ, తర్వాత లోపలి గోడలు, తెల్లగా, నున్నగా. మళ్లీ మొదటి నుంచి వేయించాడు. అపూర్వను వెళ్లి రెండో బాయిలర్ నోరు చూసి రమ్మన్నాడు.

ఆమె ఒక్కతే వెళ్లింది. చల్లబడి ఉన్న ఇనుము. దాని మీద ఎర్రగా, చెక్కుచెదరకుండా, అరచేయంత బొట్టు. ఆమె ఆ నోటి ముందు నిలబడి చూసింది. రేపు ఇక్కడ రత్తయ్య నిలబడతాడు.

ఆమె తిరిగి వచ్చేసరికి శౌరయ్య పెట్టె తెరిపించి, భూతద్దంతో కెమెరా మీటలు చూస్తున్నాడు. అందరినీ బాయిలర్ దగ్గరికి రమ్మన్నాడు. రత్తయ్య, మాణిక్యం కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డారు.

"బొట్టు ఏ రంగు అపూర్వా?"

"ఎరుపు సార్."

"వీడియోలో?"

అప్పుడు తట్టింది ఆమెకు. "మచ్చలా ఉంది సార్. సీసం రంగు."

"కుంకుమ రంగు పోయిందంటే తుప్పు రంగూ పోయినట్టే. పరీక్షకు ముందే ఎవరో కెమెరాలో రంగు తీసేశారు. దీపం వెలుగు చివరికంటా పెంచారు. గుంటలు ఆ తెల్లటి వెలుగులో కరిగిపోయాయి." చక్రి వైపు తిరిగాడు. "బాయిలర్ నోటి దగ్గర నువ్వు తెర చూడలేదు."

"కేబుల్ తోస్తున్నానండీ. లోపల ఎలాగూ బూడిద రంగే అనుకున్నాను."

"అనుకున్నావు. ఒక మనిషి పోయాడు."

చక్రి తల దించుకున్నాడు. శౌరయ్య అతన్ని చూసి జాలిపడలేదు.

"రంగు మీట, వెలుగు మీట. ఈ రెండింటి అంచుల్లోనే కుంకుమ ఇరుక్కుంది. మిగతావి శుభ్రంగా ఉన్నాయి. బొట్టు పెట్టిన వేళ్లే వీటిని నొక్కాయి. భరిణెను ఇంకో చెయ్యి తాకదన్నారు. మీటలు తెలియవన్నారు, ముందురోజు నేర్చుకున్నారు. నైవేద్యమని తలుపు మూసినప్పుడు లోపల మీరొక్కరే. గొట్టాలు మారిస్తే దాళ్వా సీజను పోతుందని మీ భయం. కాదా మూర్తిగారూ?"

అనంతకృష్ణ ఈసారి మామయ్య వైపు చూడలేదు. గొట్టాలు తుప్పు పట్టాయని తాను ముందే చెప్పానని, మామయ్య నోరు మూసుకోమన్నాడని గొణిగాడు. మూసుకున్నాడు. అది కూడా శౌరయ్య క్షమించలేదు.

"ఇదంతా కల్పన," అన్నాడు మూర్తి. "గొట్టాలు నిక్షేపంలా ఉన్నాయి."

"అయితే ఇప్పుడే వెలిగిద్దాం. రత్తయ్య కాదు, మీరు నిలబడండి. ఇక్కడ, బొట్టు ముందు."

మూర్తి ముందుకు రాలేదు. వెనక్కి మాత్రం ఒక అడుగు పడింది.

చక్రి రంగు పెంచి, వెలుగు తగ్గించి, కేబుల్‌ను రెండో బాయిలర్‌లోకి దూర్చాడు. తెర మీద మొదట బొట్టు ఎర్రగా మెరిసింది. తర్వాత గొట్టం గోడలు. గుంట పక్కన గుంట, పుండులా ఎర్రటి తుప్పు. ఒకచోట ఇనుము ఉల్లిపొరలా మిగిలింది.

రత్తయ్య చేతిలోని పారను కింద పెట్టేశాడు. శౌరయ్య పోలీసులకు ఫోన్ చేస్తున్నాడు.

మాణిక్యం ఎవరినీ అడగలేదు. ముందుకు వెళ్లి, బాయిలర్ నోటి మీది బొట్టును కొంగుతో గట్టిగా, ఇనుము కనిపించేదాకా తుడిచేసింది.