ఫ్రిజ్ శ్రుతి

కాఫీలో పాలు పోసుకోబోతూ లోర్నా ఆగింది. పాలు విరగలేదు. ఈ చలికాలమంతా ఆ ఇంట్లో పాలు విరగనే లేదు. సంతోషించాల్సిన సంగతే గానీ, ఆమెకు భయం వేసింది.

భర్త వెర్లిన్ స్వరకర్త, ఊళ్ళో కాలేజీలో సంగీతం ప్రొఫెసరు. విస్కాన్సిన్‌లో పాడిరైతు కొడుకు. పాలు పితికే యంత్రం హోరుకు గొంతు కలుపుతూ సంగీతం మొదలుపెట్టాడు. ట్రంపెట్ పుణ్యమా అని కాలేజీలో సీటొచ్చింది. అంతటి చెవులకు వంటింటి ఫ్రిజ్ రొద గిట్టేది కాదు. రాయడానికి కూర్చునే ముందు దాని ప్లగ్గు పీకేవాడు, మళ్ళీ పెట్టడం మరిచేవాడు. పెళ్ళయిన నాటి నుంచీ లోర్నా పారబోసిన పాలకు ఒక మంద ఆవులకైనా క్షమాపణ చెప్పుకోవాలి.

ఇప్పుడు కొత్త ఫ్రిజ్ ట్రాక్టరులా మోగుతున్నా ఆయన పల్లెత్తు మాట అనడం లేదు.

ఆ ఉదయమే కూతురు బ్రిట్టా వచ్చింది. తండ్రి నడిపే కాలేజీ వాద్యబృందంలో వయోలా వాయిస్తుంది. రిహార్సల్లో ట్రంపెట్లు అపశ్రుతి పలికినా నాన్నకు తెలియలేదనీ, పిల్లలు నవ్వుకున్నారనీ, వచ్చే వారం కచేరీలో ఊరంతా నవ్వుతుందనీ ఆయన ఎదుటే చెప్పేసింది. చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళమంది. వెర్లిన్ తప్పు హాలుదన్నాడు, తర్వాత పిల్లలదన్నాడు, చివరికి చలిదన్నాడు.

ఫ్రిజ్ పక్కనే నిలబడి ఉన్న లోర్నా అలసటగా అడిగింది.

"సరే, ఈ ఫ్రిజ్ ఇప్పుడు ఏ శ్రుతిలో ఉందో చెప్పు."

ఆయన తల వంచి శ్రద్ధగా విన్నాడు. "బి ఫ్లాట్. కాస్త కిందికి దిగింది."

బ్రిట్టా కిటికీ వైపు తిరిగింది. లోర్నా వెనక దాచిన చెయ్యి ముందుకు తెచ్చింది. అందులో ఫ్రిజ్ ప్లగ్గు ఉంది.

గెలిచానన్న సంతోషం వస్తుందేమోనని చూసింది. రాలేదు.

"నీకెప్పటి నుంచి తెలుసు?" అన్నాడు.

"పాలు విరగడం మానేసినప్పటి నుంచి."

వెర్లిన్ కుర్చీలో కూలబడ్డాడు. "చెవులు పోతే నాకింకేం మిగులుతుంది, లోర్నా?"

"నేను మిగులుతాను. పెద్ద బహుమానమేం కాదనుకో."

ఆమె ప్లగ్గు పెట్టి, ఆయన్ని లేపి, అరచేతిని ఫ్రిజ్ తలుపుకు ఆనించింది. అదురు తగిలి ఆయన కళ్ళు మూసుకుని సన్నగా స్వరం అందుకున్నాడు. తప్పింది. ఇన్నేళ్ళూ ఆమె పాటను దిద్దింది ఆయనే.

"పైకి," అంది చెవి దగ్గర. "ఇంకొంచెం. ఆఁ, అక్కడే."

ఆయన అక్కడే ఆగాడు. తర్వాత కళ్ళు తెరవకుండానే, "బ్రిట్టా, ఆ డాక్టరుకి ఫోన్ చెయ్యమ్మా," అన్నాడు.

లోర్నా ఆయన కాఫీలో పాలు పోసింది, కన్నీళ్ళు అందులో పడకుండా కప్పు కాస్త దూరంగా పట్టుకుని.