ఎర్ర లైటు అమ్మాయి

పరిమళ తన రోగి ఎల్లమందయ్య భుజానికి బెల్టు బిగించగానే గోడమీది తెరపై పచ్చ లైటు వెలిగింది. ఫిజియోథెరపీ చివరి ఏడాది ప్రాక్టికల్ పరీక్ష మొదలైంది.

ఆ బెల్టు పేరు పెయిన్ మీటర్. నరాల్లో పరుగెత్తే సంకేతాల్ని సెన్సర్లతో పట్టి, రోగికి నొప్పి ఎంతుందో చూపిస్తుంది. హద్దు దాటితే ఎర్ర లైటు, దాంతోపాటే విద్యార్థి ఫెయిల్. ఇకమీద ఏ రోగీ పళ్లు బిగించి ఓర్చుకోనక్కర్లేదని దాన్ని కనిపెట్టిన ప్రొఫెసర్ నరహరి ప్రకటిస్తే, ఆ ప్రభుత్వ ఆరోగ్య విశ్వవిద్యాలయమంతా చప్పట్లు కొట్టింది. అప్పట్నుంచీ విద్యార్థులు ఎర్ర లైటుకు జడిసి, రోగిని అలా ముట్టుకుని ఇలా వదిలేస్తున్నారు. అందరూ పాసే. రోగుల చేతులు మాత్రం ఎక్కడివక్కడే.

ఇది తలుచుకుంటేనే పరిమళకు ఒళ్లు మండేది. తన చేతుల మీద ఆమెకు గట్టి నమ్మకం. కానీ ఈ పరీక్ష పాసైతేనే జిల్లా ఆసుపత్రిలో వచ్చిన ఉద్యోగం నిలుస్తుంది.

"ఏం పని చేస్తావు బాబాయ్?"

"షామియానాలు కడతానమ్మా. చెయ్యి పైకి లేవట్లేదని ఎవరూ పిలవట్లా."

"కీలు బిగుసుకుపోయింది. వదలాలంటే కాస్త నొప్పి తప్పదు. ఓర్చుకుంటావా?"

"నేను ఓర్చుకుంటా తల్లీ. ఆ లైటు ఓర్చుకుంటదా?"

పరిమళ నవ్వేసి, అతని చెయ్యి పట్టుకుంది. పరీక్షకుడిగా కూర్చున్న నరహరి తన కుడిచేతిని ఒంటికి అదుముకుని, ఎడమచేత్తో తెర మీద బటన్లు నొక్కుతున్నాడు.

"పరిమళా, ఎర్రబడుతోంది. ఆపెయ్."

"ఇప్పుడాపితే ఈయన పడ్డ నొప్పంతా వృథా సార్."

ఎర్ర లైటు భగ్గుమంది. ఎల్లమందయ్య కెవ్వుమన్నాడు. మరుక్షణం అతని చెయ్యి చెవి దాటి పైకి లేచింది. కళ్లనీళ్లతోనే నవ్వుతూ కిటికీ పరదా కడ్డీని తడిమి చూసుకున్నాడు.

"మార్కులు వేసేది యంత్రమేనమ్మా. నేను మార్చలేను," అన్నాడు నరహరి, తల వంచుకుని.

ఉద్యోగం పోయింది. పరిమళకు ఏడుపొచ్చింది గానీ, చేసినదానికి మాత్రం ఆమె ఏమాత్రం బాధపడలేదు.

మర్నాడు కాలేజీ క్లినిక్ ముందు పెద్ద వరుస. ఎల్లమందయ్య ఊరంతా చాటినట్టున్నాడు. "ఎర్ర లైటు వెలిగించిన అమ్మాయేది? మాకావిడే కావాలి," అంటున్నారు జనం. పచ్చ లైటుతో పాసైనవాళ్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు.

పరిమళ అందరినీ చూసి పంపాక నరహరి ఆమె దగ్గరికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏడాదిగా ఈ కుడిభుజం కదలట్లేదమ్మా. పచ్చ లైటు వాళ్లందరికీ చూపించుకున్నాను."

"బెల్టు తెమ్మంటారా సార్?"

"వద్దొద్దు. దాన్ని అక్కడే ఉండనీ."

"గట్టిగానే నొప్పెడుతుంది మరి."

"తెలుసు, కానియ్," అని ప్రొఫెసర్ నరహరి పళ్లు బిగించాడు.