తాడు చివర ముడి

రెండో తూటా అతని చెవి పక్కనుంచి దూసుకుపోతుంది.

గైడ్ కొండ అంచు దాటి వెనక్కి వాలుతాడు. తాడు పట్టుకుని జరజరా దిగుతాడు.

పైన తుపాకీతో ఉన్నది బావ! సొంత అక్క మొగుడు!

పోయిన వారం టూరిస్టు పడి చచ్చిపోయాడు. తాడు దానంతటది తెగలేదు... కోశారు. కోసింది బావే. ఆ తాడు ముక్క గైడ్ భుజానున్న బ్యాగులో ఉంది. పొద్దున్నే పోలీసులకి ఇస్తానని అక్కకి ఒక్కదానికే చెప్పాడు.

బావ చాటుగా విని ఉంటాడు.

తప్పించుకునే దారి చూపించింది అక్కే. ఉత్తరం వైపు తాడు కట్టి ఉంచానని, దిగి కాటేజీకి వచ్చెయ్యమని వాకీటాకీలో చెప్పింది. అక్క ఉంది కాబట్టి సరిపోయింది!

పొగమంచు. చీకటి. కింద ఏమీ కనిపించదు.

చేతి కింద తాడు తేలికవుతుంది...

ఆగుతాడు. తడుముతాడు. మూరెడు కింద తాడు అయిపోయింది.

చివర ముడి లేదు!

ముడి ఉంటే దిగేవాడు అక్కడ ఆగుతాడు. లేకపోతే తాడులోంచి జారి నేరుగా లోయలోకే. తనకి పదేళ్లప్పుడు ఆ ముడి మర్చిపోతే అక్క చెంప పగలగొట్టింది.

ఇవాళ కంగారులో తనే మర్చిపోయి ఉంటుంది, పాపం.

ఎడమ కాలికి ఇరుకైన రాతి గట్టు తగులుతుంది. దాని మీదకి జరిగి వాకీటాకీ నొక్కుతాడు.

"అక్కా, నేనే. కొండ మీదే ఉన్నా."

వాకీటాకీ గరగరమంటుంది. తర్వాత...

"ముడి లేకుండా ఎలా ఆగావురా?"

అతను ముడి మాట ఎత్తనే లేదు.

జ్వరమొస్తే రాత్రంతా తల నిమిరిన చెయ్యి. ఆ చెయ్యే ముడి వెయ్యకుండా తాడు వదిలింది.

"ఎక్కడున్నావు బంగారం? చెప్పు."

"తాడుకి కుడివైపు... పొద వెనక."

అతను ఉన్నది ఎడమవైపు.

పైన బావ ఫోన్ మోగుతుంది. మరుక్షణం టార్చి వెలుగు కుడివైపుకి తిరుగుతుంది.

ఢాం!

పొద తునాతునకలవుతుంది. రాళ్లు దొర్లుకుంటూ లోయలోకి పోతాయి.

"తమ్ముడూ?"

పలకడు.

"తమ్ముడూ, ఉన్నావా?"

పలకడు. కన్నీళ్లు ఆగవు. ఇంతకాలం ఆమె పిలిస్తే పలకని రోజు లేదు.

వాకీటాకీ బటన్ మీంచి వేలు తియ్యడం మర్చిపోయి, ఆమె ఫోనులో మొగుడితో అంటుంది.

"పలకట్లేదండీ. అయిపోయినట్టే. ఆ బ్యాగు వెతికి తెచ్చెయ్యండి."

అతను కళ్లు తుడుచుకుంటాడు. ఆమె బటన్ వదిలేదాకా ఆగుతాడు. తన బటన్ నొక్కుతాడు.

"ఉన్నానక్కా."